గోత్‌కు ఐదు మీటర్లు, ఎమోకు మీటరున్నర

టైలర్ రాజలింగుకు ఉన్నది ఒకటే జబ్బు. మనిషి మీద టేపు పెట్టే ముందు ఒక ప్రశ్న అడుగుతాడు. "ఇది కుట్టించుమని ఎవలు చెప్పిండ్రు?" మహారాష్ట్రలోని చంద్రపూర్ గోల్ బజార్‌లో ముప్పై ఏళ్లుగా ఆ ప్రశ్న తప్పించుకుని చొక్కా తొడుక్కున్నవాడు లేడు. పెళ్లికొడుకును అడుగుతాడు, పోలీసును అడుగుతాడు. బొగ్గు గని యూనిఫారానికి మోకాలి దగ్గర అతుకు వేయించుకోవడానికి వచ్చినవాణ్ని కూడా వదలడు. "సూపర్‌వైజర్ చెప్పిండు" అని వాడంటే, "ఆయన మోకాలు గూడ చినిగిందా?" అని ఇంకోటి అడుగుతాడు.

ఆ జబ్బుకు ఒక తోక ఉంది. అడిగిన రోజున బట్టలు ఇవ్వడు. "ఇంక నీళ్లల్లనే ఉంది" అంటాడు. కుట్టే ముందు బట్టను నానేసి ఆరబెడితే తర్వాత పొట్టిగా కాదు, అది పద్ధతే. కాని రాజలింగు దగ్గర కొన్ని బట్టలు ఏళ్ల తరబడి నానుతాయి. ఎవరివి తొందరగా అవుతాయో, ఎవరివి కావో బజారులో ఎవరికీ అంతుపట్టలేదు. మాజ్రి నుంచి రైలు దిగిన హమాలీ ఒకడు ఎర్ర చొక్కా కావాలన్నాడు. ఎవలు చెప్పిండ్రంటే, "ఎవలు చెప్తరు సేట్, నాకే బుద్ధి పుట్టింది" అన్నాడు. వాడు పక్క హోటల్లో మిసళ్ తిని చెయ్యి కడుక్కొచ్చేసరికి చొక్కా గుండీలతో సహా తయారు.

గట్టయ్య సంగతి అలా కాదు. ఆయన రిటైరయినప్పుడు, ఇక పెద్దమనిషివి, తెల్ల కుర్తా పైజామా వేసుకో అని కొడుకు బట్ట తెచ్చి రాజలింగుకు ఇచ్చాడు. నాలుగేళ్లయింది. గట్టయ్య ఇప్పటికీ గళ్ల చొక్కా, బెల్టు పెట్టిన ప్యాంటు మీదే చౌరస్తాలో కూర్చుంటాడు. "ఏం జేద్దం, రాజలింగు ఇస్తలేడు" అంటాడు, పెద్దగా బాధ ఏమీ లేకుండానే.

ఈ ఆలస్యం వల్ల ఎక్కువ నష్టపోయింది తానేనని హేమలత నమ్మకం. ఆమె భర్త అరవింద్‌ది అదే బజారులో గిన్నెల దుకాణం. ఇరవై రెండేళ్ల కింద రాజురా వైపు ఊరి నుంచి కోడలిగా వచ్చింది. మూడేళ్ల కింద ఆమె బావ పోయాడు. అక్క కాంతమ్మకు ఇక రంగులు బాగుండవని హేమలతే బూడిద రంగు బట్ట కొని ఆరు జాకెట్లకు ఇచ్చింది.

"ఎవలు చెప్పిండ్రు చెల్లె?" అన్నాడు రాజలింగు.

"చెప్పేదేముందన్నా. లోకం."

"లోకం కొలతలు గూడ ఇచ్చిందా?"

మూడేళ్లయినా ఆ జాకెట్లు నీళ్లలోనే ఉన్నాయి. "గీపాటికి ఆ నీళ్లల్ల చేపలు పెరిగి ఉంటయన్నా" అంటే, "పెరిగితే నీకు కూర పంపుత తియ్" అన్నాడు. పాపం కాంతమ్మ గతిలేక పాత జాకెట్లే వేసుకుంటోంది, చిలకపచ్చవి, పసుపువి. అడిగినవాళ్లకు హేమలత "కొత్తయి టైలర్ దగ్గరున్నయి" అని చెప్పేది. అందరూ అయ్యో అనేవారు. టైలర్ ఆలస్యం లోకానికి అర్థమవుతుంది. ఆడమనిషి ఇష్టమే అర్థం కాదు.

ఇదంతా ఒక ఎత్తు. హేమలత కూతురు హర్షిత నల్ల గౌను ఒక ఎత్తు.

హర్షిత డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. తాడిలా పొడుగు. ఒకనాడు ఫోన్‌లో ఫొటో పట్టుకుని రాజలింగు దుకాణానికి వెళ్లింది. నేల ఊడ్చే నల్ల గౌను, గబ్బిలం రెక్కల్లాంటి చేతులు, మెడ చుట్టూ లేసు.

"ఎవలు చెప్పిండ్రు బిడ్డ?"

"ఎవలు చెప్పలే కాకా. నేను గోత్."

"అంటే ఏ ఊరోళ్లు?"

"ఊరు గాదు కాకా. పాటలు, బట్టలు, ఆలోచన, అన్ని."

"గట్లయితే నాకు అంత తెల్వాలె. తెల్వకుంటే చంకల కాడ గుంజుతది. కూసో."

ఆ కూర్చోవడం రెండు సాయంత్రాలు నడిచింది. గోత్ అనేది నలభై ఏళ్ల పైమాటే, ఇంగ్లాండులో పంక్ పాటల వెనక పుట్టింది. పాట నిదానం. బేస్ గిటారు ముందు నడుస్తుంది, గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. మఖ్మల్, లేసు, వెండి ఉంగరాలు, కళ్లకు దిట్టంగా కాటుక. రాజలింగు అంతా విని, "మరి గింత చిన్న వయసుల ఏడుపెందుకు బిడ్డ?" అన్నాడు.

"ఏడుపు గాదు కాకా. మన గోండు రాజుల సమాధులున్నయి గదా, పొద్దు మునిగేటప్పుడు ఆడ కూసుంటే ఎట్లుంటది?"

"చల్లగుంటది. పానం నిమ్మళమైతది."

"బస్, అదే గోత్. లోకం భయపడేదాంట్ల అందం చూసుడు."

రాజలింగు ఆమె ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఒక పాట పూర్తిగా విన్నాడు. కాలు మిషన్ పెడల్ మీదే ఉంది. పాటకు తగ్గట్టు చక్రం నెమ్మదించింది. "నడుస్తది. లైనింగ్ వేసేటందుకు మంచి పాట" అన్నాడు. గౌను మర్నాడు సాయంత్రమే ఇచ్చాడు. బజారంతా నోరెళ్లబెట్టింది.

ఆ వారమే ఆదర్శ్ వచ్చాడు. హర్షితకు క్లాస్‌మేట్. జుట్టు ఒక కన్నును పూర్తిగా మూసేసింది, రెండో కన్నుతోనే లోకమంతటినీ చూడాలి. నల్ల టీషర్టు, గళ్ల బూట్లు. ప్యాంటు ఇంకా బిగుతు చేయాలన్నాడు.

"ఎవలు చెప్పిండ్రు?"

"నేనే కాకా. నేను ఎమో."

"హర్షిత లెక్కనా?"

ఆదర్శ్ మొహం చిన్నబోయింది. "కాకా, ఆమె గోత్. నాది వేరే." అతను చెప్పినదాని ప్రకారం ఎమో కూడా పంక్ కడుపులోదే, కాని అమెరికాలో పుట్టింది. గిటారు ఉరుకుతుంది, గొంతు ముందు వణికి తర్వాత అరుస్తుంది. దోస్తు మోసం చేసినా, ప్రేమ పోయినా, ఇంట్లో ఎవరికీ అర్థం కాకపోయినా దాచుకోకుండా పాటలో పెట్టేయడమే. "ఆమెది కథ కాకా. నాది డైరీ."

రాజలింగు అతని పాట కూడా విన్నాడు. మిషన్ ఎంత జోరు అందుకుందంటే రెండో చరణంలో సూది విరిగింది. కొత్త సూది ఎక్కిస్తూ, "అయినా పోరడు అబద్ధమాడుతలేడు" అన్నాడు. ప్యాంటు గంటలో ఇచ్చాడు. "తొడుక్కునుడు నీ పని. ఇడుసుటానికి ఇంకొకల్ని తోడు పెట్టుకో."

ఆ సాయంత్రం తన కొలతల వహీ పుస్తకంలో ఇలా రాసుకున్నాడు: 'గోత్‌కు ఐదు మీటర్లు, ఎమోకు మీటరున్నర. ఇద్దరిదీ నలుపే. ఇద్దరిని కలుపొద్దు.'

ఇక బజారుకు మనశ్శాంతి లేదు. చాయ్ బండి దగ్గర ఎవరో ఆ ఇద్దరినీ సైతాన్ పిల్లలంటే రాజలింగు నోట్లో సూది తీసి మరీ పాఠం చెప్పాడు. "జుట్టు కంటి మీద పడితే ఎమో. కాటుక చెంపల దాక వస్తే గోత్. మంచిగ చూసి మాట్లాడురి." గట్టయ్య తన గళ్ల చొక్కా చూసుకుని, "మరి నేనేంది?" అన్నాడు. "నువ్వు గట్టయ్యవి. అది ఇంక కష్టం."

హేమలతకు ఇందులో నవ్వేమీ కనిపించలేదు. పొద్దున దండెం మీద తెల్లగా ఆరేసిన దుప్పటి మధ్యాహ్నానికి బూడిద రంగులో దిగే ఊరు ఇది. ఊరంతటి మీదా కురిసే ఆ బొగ్గు నలుపు ఎక్కడిదని ఎవరూ నిలదీయరు. ఒక ఆడపిల్ల ఇష్టపడి ఐదు మీటర్ల నలుపు కట్టుకుంటే మాత్రం గిన్నెలు కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ ప్రశ్నలే. పిల్లకు గాలి సోకిందా, ఏదైనా మందు అలవాటైందా, ఎవరికైనా చూపించారా. హేమలతకు తల కొట్టేసినట్టయ్యేది.

అంతలో కాలేజీ వార్షికోత్సవం, గ్యాదరింగ్ వచ్చింది. శనివారం సాయంత్రం స్టేజి మీద హర్షిత పాడాలి, ఆదర్శ్ గిటారు వాయించాలి. నాలుగు నెలలుగా సాధన చేస్తున్నారు. అందులో మూడు నెలలు పాట గోత్‌లా ఉండాలా ఎమోలా ఉండాలా అన్న కొట్లాటకే పోయింది.

"ఆ గౌనుల స్టేజి ఎక్కితే నేను బజార్ల తిరుగలేను" అంది హేమలత. "గులాబి డ్రెస్ ఏసుకో. లేకుంటే పాట లేదు."

"అయితే పాట లేదు" అంది హర్షిత. అరవలేదు, ఏడవలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో కూనిరాగం కూడా ఆగిపోయింది. ఆ పిల్ల అన్నం తింటూ కూడా పాడే రకం. ఇల్లు కరెంటు పోయినట్టయింది.

డ్రెస్ కళ్ల ముందు కనిపిస్తే పిల్ల మెత్తబడుతుందని హేమలత ఆశ. రెడీమేడ్‌లో ఆ పొడుగుకు సరిపోయేది దొరకదు. సోమవారం గులాబి రంగు బట్ట తీసుకుని రాజలింగు దగ్గరికే వెళ్లింది.

"ఎవలు చెప్పిండ్రు చెల్లె?"

"నేనే చెప్పిన."

"ఏసుకునేది నువ్వేనా?"

"కాదు, బిడ్డ."

"అట్లనా" అన్నాడు రాజలింగు. మంగళవారం బట్ట నీళ్లల్ల ఉంది. బుధవారం నీళ్లల్ల ఉంది. గురువారం మబ్బు పట్టిందట, ఆరలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

శుక్రవారం పొద్దున్నే హేమలత టిఫిన్ డబ్బా పట్టుకుని దుకాణంలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"కుట్టేదాక కదల."

"నీళ్లల్ల..."

"ఏ నీళ్లల్ల? బకెట్ సూపియ్."

రాజలింగు పైకి చూశాడు, మిషన్ వైపు చూశాడు. "చాయ్ చెప్పొస్త" అని లేచి వెళ్లాడు.

ఆమె బకెట్ కోసం వెతికింది. దుకాణంలో బకెట్టే లేదు. గోడ పక్కన పాత బీరువా ఉంది. తలుపు లాగింది. అరల నిండా మూటలు, అప్పడాల్లా పొడిగా, మధ్యమధ్య ఎండు వేపాకులతో. ప్రతి మూటకూ గుండుసూదితో చీటీ, బళ్లో నేర్చుకున్న మరాఠీ అక్షరాల్లో. 'గట్టయ్య. కుర్తా పైజామా. చెప్పింది కొడుకు.' 'కాంతమ్మ. ఆరు జాకెట్లు. చెప్పింది చెల్లెలు.' దాని మీద గులాబి బట్ట, 'హర్షిత. చెప్పింది తల్లి.' అన్ని చీటీల్లోనూ వేసుకునేది ఒకరు, చెప్పింది ఇంకొకరు.

అడుగున ఒక మూట ఉంది. చీటీ పసుపెక్కిపోయింది. 'హేమలత, కొత్త కోడలు. పన్నెండు జాకెట్లు, మోచేతుల దాక, మెడ మూసి. చెప్పింది అత్త.'

హేమలత ఆ మూట ఒడిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఆ జాకెట్లు ఆమెకు గుర్తున్నాయి. కొత్తగా వచ్చినప్పుడు, తెచ్చుకున్న పొట్టి చేతుల జాకెట్లు చూసి అత్త మొహం ముడిచి ఇచ్చిన బట్ట. ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అని ఏడాది గడిచింది. ఈ టైలర్ ఎంత సోమరివాడో, నా అదృష్టం అని ఆమె అప్పట్లో దేవుడికి దండం పెట్టుకుంది. దండం పెట్టాల్సింది దేవుడికి కాదని ఇరవై రెండేళ్లకు తెలిసింది.

రాజలింగు రెండు చాయ్ గ్లాసులతో వచ్చి, తెరిచిన బీరువా చూసి, ఒకటి ఆమె చేతికిచ్చాడు.

"ఇవి ఎప్పుడు కుడుతవన్నా?"

"నీకు ఇష్టమైనప్పుడు చెప్పు, కుడుత."

"మా అత్త పోయి పదేండ్లాయె."

"అందుకే తొందర లేదు."

ఆమె నవ్వు ఆపుకుంది. "కుట్టనని మొకం మీద చెప్పొచ్చు గదా. బజారంత నిన్ను సుస్తోడంటరు."

"కుట్టనంటే ఇంకో టైలర్ దగ్గరికి తీస్కపోతరు చెల్లె. రేపంటే ఈడనే ఉంటది." ఆయన చాయ్ ఊదుకున్నాడు. "సుస్తోడు అంటే అనుకోనీ. సుస్తోనితో ఎవలు కొట్లాడరు."

హేమలత గులాబి బట్టను తీసినచోటే పెట్టింది. మిషన్ కింద డబ్బాలో గౌనుకు వాడగా మిగిలిన నల్ల లేసు రెండు మూరలు కనిపించింది.

"అన్నా, ఇది పొట్టి చేతుల జాకెట్‌కు అంచు వస్తదా?"

రాజలింగు టేపు మెడలో వేసుకున్నాడు. "ఎవలు చెప్పిండ్రు?"

"నేనే."

"ఏసుకునేది?"

"నేనే."

"పొద్దుమీకి రా."

ఆమె ఇంటికి వెళ్లి హర్షిత గౌను ఇస్త్రీ చేసి తలుపు మీద తగిలించింది. కాసేపటికి లోపలి గదిలోంచి బావిలోంచి వచ్చినట్టు ఒక రాగం మొదలైంది.

శనివారం హేమలత, కాంతమ్మ మూడో వరసలో కూర్చున్నారు. ఒకరికి నల్ల లేసు చేతులు, ఒకరికి చిలకపచ్చ జాకెట్. స్టేజి మీద హర్షిత ఉన్నచోటే నిలబడి పాడుతోంది. పక్కన ఆదర్శ్ కళ్లు మూసుకుని గిటారును ఉరికించబోతున్నాడు, ఆమె మోచేత్తో పొడుస్తోంది, అతను నెమ్మదిస్తున్నాడు. వెనక వరస నుంచి గిన్నెల దుకాణానికి వచ్చే ఒకామె ముందుకు వంగింది. "మీ పిల్ల గట్ల ఏడుస్తదేందమ్మా?"

"ఏడుపు గాదు వదినె. ఏడ్చేది ఎమో, అగో ఆ గిటారు పోరడు. మా పిల్ల గోత్. ఐదు మీటర్లు" అంది హేమలత.

పాట అయిపోయింది. చప్పట్లు కొన్ని వెంటనే, కొన్ని ఆలోచించుకుని వచ్చాయి. అన్నిటికంటే వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ రాజలింగు కాలు ఇంకా పెడల్ తొక్కుతున్నట్టే ఆడుతోంది.

హేమలత అక్క చెవిలో మెల్లగా అంది. "అక్కా, నీ బూడిద జాకెట్లు..."

కాంతమ్మ చప్పట్లు ఆపలేదు. చిలకపచ్చ చేతులు దీపాల వెలుగులో మెరుస్తున్నాయి. "నాననీయే" అంది. "నేనెన్నడన్న తొందర పెట్టిన్నా?"