సాల్మన్ చదివిన రామలింగం జీవిత చరిత్ర

కాజీపేటలో మా చర్చివాళ్లు ఎవరు చనిపోయినా, సమాధి చేసే ముందు వాళ్ల జీవిత చరిత్ర చదువుతారు. ఒక్క కాగితం. ఎక్కడ పుట్టారు, ఎవరిని పెళ్లి చేసుకున్నారు, పిల్లలెందరు, ఎలా పోయారు, అంతే. అది చదివేది సాల్మన్. టైల్స్ మేస్త్రీ. పెద్దగా చదువుకోలేదు గానీ గొంతు మంచిది, తడబడడు. చావు జరిగిన ఇంటివాళ్లు శవపెట్టెకు చెప్పడం కంటే ముందు అతనికి ఫోన్ చేసేవాళ్లు.

పోయిన ఎండాకాలం సాల్మన్‌కు బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది. చదవడం ఒక్కటే పోయింది. తన పేరు తాను రాస్తాడు, రాసింది చదవమంటే దిక్కులు చూస్తాడు. పైకి ఏమీ కనపడదు కదా, అందుకే ఎవరూ నమ్మలేదు.

"రాస్తవు గని సదవవా? గిదేం బీమారే సాల్మనూ, పని ఎగ్గొట్టెటందుకా?" అని పక్కింటి కట్టమ్మ మొహం మీదే అన్నది.

"నీకొస్తె ఎర్కైతది అత్తా," అని నవ్వాడు అతను.

ఇంట్లో మాత్రం నవ్వేవాడు కాదు. దానికి కారణం రామలింగం. ధర్మసాగర్‌లో పుట్టినవాడు, మా చర్చివాడే. ఇద్దరూ ఏళ్ల తరబడి జోడీగా టైల్స్ వేశారు. సాల్మన్‌కు స్ట్రోక్ రాకముందే రామలింగానికి కిడ్నీలు పోయాయి. మంచంలో పడి సాల్మన్ చేయి పట్టుకున్నాడు.

"నా కాయితం నువ్వే సదవాలెరా. పాస్టరయ్యగారు సదివితె నాకు నిద్రొస్తది."

"సచ్చినోనికి ఇంకేం పనిరా, పండుకో," అన్నాడు సాల్మన్. ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ మాటైతే ఇచ్చాడు.

దవాఖానలో మాట, చదువు పోయినవాళ్లకు మళ్లీ నేర్పే మేడం ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. తెర మీద అక్షరం పెద్దగా వస్తుంది. దాన్ని వేలితో దిద్దితే ఫోన్ ఆ శబ్దం పలుకుతుంది. తర్వాత మాటలు, ఆ తర్వాత మనం ఎక్కించిన పాఠాలు. మనం చదివేది ఫోన్ వింటుంది, సరిగ్గా ఉంటే పచ్చరంగు చూపిస్తుంది. "ఆయనకు ఇష్టమైనవి పెట్టండి, కొత్తవి కూడా పెట్టండి," అని చెప్పింది మేడం.

సాల్మన్ బిడ్డ ఏంజెల్ జిరాక్స్ షాపులో టైపింగ్ చేస్తుంది. నాన్న ఇదివరకు చదివిన జీవిత చరిత్రలన్నీ ఆ షాపు కంప్యూటర్లోనే ఉన్నాయి. వాటిని ఫోన్లోకి ఎక్కించింది. రామలింగానిది ఎక్కిద్దామంటే కుదరదు. బతికున్న మనిషి చరిత్ర మా దగ్గర ఎవరూ రాయరు, అరిష్టమంటారు.

సాల్మన్ వాటిని గడగడా చదివేశాడు. తెరంతా పచ్చ. ఏంజెల్ ఏడ్చేసింది. కట్టమ్మను పిలిచి మరీ చూపించింది. ఒక్క మాట పోల్చుకుంటే చాలు, మిగిలింది కంఠతా వస్తోందని ఎవరికీ తట్టలేదు. సాల్మన్‌కు కూడా తట్టలేదు. చదువుతున్నాననే అనుకున్నాడు.

వానలు మొదలయ్యాక రామలింగం పోయాడు.

"చెవిల ఇయర్‌ఫోన్ పెడ్త డాడీ. కాయితం ఫోటో తీస్తె ఫోనే సదువుతది. నువ్వు ఎనకనే చెప్పు," అన్నది ఏంజెల్.

"ఎవలో చెప్తె చెప్పుడు సదువుడా బిడ్డా? వానికి మాటిచ్చిన. నాకు వస్తాంది గదా, ఫికర్ చెయ్యకు."

గుంత దగ్గర గొడుగుల కింద జనం నిలబడ్డారు. రామలింగం భార్య కమల పెట్టె పక్కన కూర్చుంది. సాల్మన్ కాగితం విప్పాడు. "మన ప్రియ సహోదరుడు రామలింగం గారు రఘునాథపల్లి గ్రామంలో జన్మించి..." అని మొదలుపెట్టాడు. ధర్మసాగర్ కదా అని నలుగురు మొహాలు చూసుకున్నారు. సాల్మన్ ఆగలేదు. గొంతు ఎప్పటిలాగే గంభీరంగా ఉంది. "ముగ్గురు కుమారులను, ఒక కుమార్తెను, మనుమలను, మనుమరాండ్రను విడిచి..."

అది అంతకుముందెప్పుడో చనిపోయిన దానియేలు తాత చరిత్ర, సాల్మన్ ఫోన్లో గడగడా చదివినదే. కమలకు పిల్లల్లేరు.

కమల తల ఎత్తింది. "ఎవలి పిల్లలు సాల్మన్? ఎవలి గురించి సదువుతానవ్?"

సాల్మన్ కాగితంలోకి చూశాడు. వేలితో ఒక అక్షరం దిద్దాడు. "నాకు వస్తలేదు కమలక్కా," అన్నాడు. కాగితం అయ్యగారు తీసుకుని చదివారు.

ఆ తర్వాత చావులకు సాల్మన్‌ను ఎవరూ పిలవలేదు. ఏంజెల్ పాత చరిత్రలన్నీ ఫోన్లోంచి తీసేసింది. అతను మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. తెర మీద వేలు పెట్టి దిద్దడం, పలకడం, మరిచిపోవడం, మళ్లీ దిద్దడం. కొత్త మాటలు మాత్రమే. "గిది సదువుడు కాదు బిడ్డా, బండ కొట్టుడు," అనేవాడు. చలికాలం వచ్చేసరికి ఒక్కో మాటా కూడబలుక్కోగలిగాడు. రామలింగం కాగితం అయ్యగారిని అడిగి తెచ్చుకుని కమల ఇంటికి వెళ్లాడు.

ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. సాల్మన్ గడపలో కూర్చుని అరచేతిలో వేలితో అక్షరాలు దిద్దుకుంటూ చదివాడు. ధర్మసాగర్ సరిగ్గా వచ్చింది. పెళ్లి వచ్చింది. చివరి వరుసకు వచ్చాడు.

"భార్య కమలను... ఒం... ఒంట... ఒంటరిగా..."

"సాలు సాల్మన్," అన్నది కమల. "మంచిగనే సదివినవ్. ఇగ పో."

చింతపండు చేట తీసుకుని ఆమె లోపలికి వెళ్లింది.