గొడ్డలి దాచే ఆట

“దాయవే, జల్ది దాయ్! వస్తుండు, వస్తుండు!” అని రెండో తరగతి మొత్తం గోల పెడుతోంది. వాళ్లకు టీచర్నైన నేనూ వాళ్లతో సమానంగా అరుస్తున్నాను.

అమీర్‌పేట గల్లీలో మా స్కూలు డాబా మీద ఆడుతున్నాం. ఆట నేనే కనిపెట్టాను. గుండ్రంగా నిలబడ్డ పిల్లలు చెట్లు. గుర్తుగా ఒక్కొక్కరి చొక్కాకు ఒక బాదం ఆకు గుచ్చాను. మధ్యలో ఉన్నవాడు చెట్లు నరికేవాడు. వాడి చెక్క స్కేలే గొడ్డలి. చెట్లు దాన్ని వీపు వెనక నుంచి అందించుకుంటూ దాచేయాలి. నేను ఇరవై లెక్కపెట్టేలోపు వాడికి దొరక్కపోతే చెట్లు గెలిచినట్టు. చెట్ల పాఠం చదివిస్తే ఆవులించే పిల్లలు ఈ ఆటంటే లాంగ్‌బెల్ కొట్టినా కదిలేవాళ్లు కాదు. ఇంటర్ తప్పినదాన్ని, నాకూ ఇంత బుర్ర ఉందా అని తెగ మురిసిపోయాను.

ఆ రోజు గెలిపించింది బోరబండ నుంచి వచ్చే పిల్ల. స్కేలును వెనకాల బెల్టులో దోపుకుని, మీద జడ వేసుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

“గట్ల దాయాలె! గొడ్డలి లేకుంటే చెట్టుకు ఫికరే లేదు!” అని అందరిచేతా చప్పట్లు కొట్టించాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి మా మెట్ల దగ్గరకు వచ్చాడు. పొద్దున్నే కూలీల అడ్డాలో నిలబడి, కొమ్మలు కొట్టే పనికి వెళ్లే మనిషి.

“టీచరమ్మా, నా బిడ్డకు ఏం నేర్పిండ్రు? నా గొడ్డలి దాచింది. కొట్టినా చెప్తలేదు. రెండు దినాల సంది అడ్డాల ఉత్తగ నిలబడి వస్తున్న. రేపు సుత గొడ్డలి లేకుంటే మేస్త్రీ ఇంకొకన్ని పెట్టుకుంటడు.”

“రేపు ఏం పని, అన్నా?”

“పంజగుట్ట రోడ్డు మీద బాదం చెట్టు. కంప్యూటర్ల జావా నేర్పేటోళ్ల బోర్డుకు అడ్డమొస్తుందంట.”

పిల్లల చొక్కాలకు గుచ్చిన ఆకులు ఆ చెట్టు కింద ఏరినవే. రోజూ సాయంత్రం బస్సు కోసం నిలబడేదీ దాని నీడలోనే.

పిల్లను పక్కకు తీసుకెళ్లి అడిగాను. దాని చెంప మీద వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

“చెప్ప. చెప్తే చెట్టు ఓడిపోతది గద, టీచర్.”

“నాయినకు పని పోతదిరా.”

నా ముఖంలోకి చూసింది. “మీరు సుత చెట్టే గద?”

అవునని తలూపాను. అప్పుడు నా చెవిలో చెప్పింది. పుస్తకాలు తీసేసి, పైకి పొడుచుకొచ్చే పిడికి తువ్వాలు చుట్టి, గొడ్డలిని బ్యాగులో పెట్టుకుని బడికే తెచ్చిందట. మంచినీళ్ల డ్రమ్ము వెనక, విరిగిన బ్లాక్‌బోర్డు చాటున పెట్టిందట.

“నాయినకు ఇయ్యొద్దు. ఒట్టు?”

చాచిన ఆ చిన్న చేతిలో నా చెయ్యి వేశాను. కిందికి వెళ్లి, ఇంకా దొరకలేదని తండ్రికి చెప్పి పంపేశాను.

మర్నాడు పొద్దున, పిల్లలు రాకముందే, గొడ్డలిని పాత పేపర్లో చుట్టుకుని అడ్డాకు వెళ్లి అతని చేతిలో పెట్టాను.