పెట్రోలు మూత తీస్తున్నదెవరు

2023 వానాకాలం. బెంగాల్‌లోని ఏక్‌బాల్‌పూర్‌లో, ఓడరేవుకు పోయే లారీల మోత రోజంతా వినిపించే సందులో నా గ్యారేజి. మా నాన్న శ్రీకాకుళం నుంచి ఆ రేవు డాకుల్లో పనికి వచ్చాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఇంజన్ల మీదే ధ్యాస. చుట్టుపక్కల తెలుగువాళ్ల బండ్లు చాలావరకు నా దగ్గరికే వస్తాయి. సింహాచలం బాబాయిది కూడా అలాంటిదే. చుట్టరికం లేదు, మా నాన్నకు స్నేహితుడు. బడ్జ్ బడ్జ్‌లో ఒక చమురు డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక కొనుక్కున్న చిన్న కారంటే ఆయనకు ప్రాణం.

ఒకరోజు ఆయనా, పార్వతమ్మ పిన్నీ వచ్చారు. డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతోంది. దాన్నే మేం చెక్ ఇంజన్ లైటు అంటాం.

"ఏటిరా రమణా ఇది? బండి నడక బాగానే ఉంది, మరెందుకీ లైటు?" అన్నాడు బాబాయి.

స్కానర్ పెట్టి చూశాను. ఇవాప్ లీక్ అని కోడ్ వచ్చింది. పెట్రోలు ట్యాంకులో ఎప్పుడూ ఆవిరి పుడుతుంటుంది. అది బయటి గాలిలో కలవకుండా క్యానిస్టర్ అనే బొగ్గు డబ్బా పట్టి ఉంచి, బండి నడిచేటప్పుడు ఇంజన్‌లోకి పంపుతుంది. ఈ దారిలో ఎక్కడ సందు ఉన్నా కొన్ని కార్లు కనిపెట్టి లైటు వెలిగిస్తాయి. మన దగ్గర అన్ని కార్లలోనూ ఆ ఏర్పాటు ఉండదు. బాబాయి కారులో ఉంది.

మొదట చూడాల్సింది పెట్రోలు మూత. అది వదులుగా ఉంది. బిగించి, కోడ్ తీసేసి పంపాను. కొన్నాళ్లకే మళ్లీ వచ్చారు. వీధుల్లో నిలిచిన నీళ్లలో తిరిగి క్యానిస్టర్ గానీ తడిసిందేమోనని, ఈసారి స్మోక్ టెస్ట్ చేశాను. అంటే ఆ గొట్టాల్లోకి పలచటి పొగ పంపి, ఎక్కడినుంచి బయటికి వస్తుందో చూడటం. క్యానిస్టర్ బాగానే ఉంది. పొగ మూత అంచునుంచి సన్నగా లేచింది. మూత లోపలి రబ్బరు కోసుకుపోయి ఉంది. కొత్త మూత వేశాను.

మూడోసారి వచ్చేసరికి ఆ కొత్త మూత రబ్బరు కూడా చెడింది. టార్చి వేసి పెట్రోలు పోసే గొట్టంలోకి చూస్తే, లోపలి రేకు దగ్గర ఒక చెక్క పేడు ఇరుక్కుని ఉంది. ఎవరో పుల్లతో ఆ రేకు తెరిచి పట్టి, పైపు వేసి పెట్రోలు తీస్తున్నారనుకున్నాను.

"మీ బిల్డింగులో దొంగలున్నారు బాబాయ్" అన్నాను.

"మా గేటుకాడ దర్వాన్ మంచోడే. ఆడు అలాంటోడు గాదు" అన్నాడాయన.

పిన్ని బయటికి నడిచింది. కారు వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్న గ్యారేజికి వెళ్తూ, వాళ్ల బిల్డింగు కింద కారు పెట్టే చోటు ఒకసారి చూద్దామని ఆగాను. కారు వెనకాల సింహాచలం బాబాయి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా టక్ చేసుకుని, బూట్లు వేసుకుని ఉన్నాడు. మూత తీసి, సన్నటి చెక్క బద్దను గొట్టంలోకి నెమ్మదిగా దించాడు. పైకి తీసి, తడి ఎంతవరకు ఉందో కళ్లు చికిలించి చూశాడు. పక్కకు తిరిగి, ఎవరూ లేనివైపు కేకేశాడు.

"ఓ దాదా! లేఖో, లేఖో!"

రాసుకోమంటున్నాడు. డిపోలో ఆయన పని అదే. లారీలు గేటు దాటకముందు రాడ్ దించి నూనె మట్టం కొలవడం, పక్కనున్న బెంగాలీ గుమాస్తాకు అంకె చెప్పడం.

నన్ను చూశాడు. "ఇంత లేటేటి నువ్వు? లారీలు లైన్లో ఉన్నాయి గదా" అన్నాడు. ఆ గొంతులో చనువున్న కోపం. నేనెవరో ఆయనకు తెలియలేదు. డిపోలో తన కింద పనిచేసిన కుర్రాడెవరో అనుకుంటున్నాడు. ఆయన మూతను వంకరగా నొక్కి, పైపైన తగిలించి, బద్ద చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మెట్ల మీద పిన్ని నిలబడి ఉంది.

"నాకు తెలుసు నాయనా" అంది. "సానా రోజులబట్టీ తెలుసు."

"మరి నా దగ్గరికి ఎందుకు తెచ్చావు పిన్నీ ఇన్నిసార్లు?"

"బండిలోనే ఏదో పాడైనాదని సెప్తావేమోనని. ప్రతిసారీ అలాగే అనుకుని ఒచ్చీదాన్ని."

మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఇంట్లో ఉప్పు రెండుసార్లు వేసుకోవడం, తెలిసిన దారిలో కారు ఆపి ఎటు పోవాలని అడగడం, అన్నీ అప్పుడు చెప్పింది. నేను అడ్డు చెప్పకుండా విన్నాను.

ఆ వారంలోనే డాక్టరుకు చూపించాం. మతిమరుపు జబ్బు అన్నారు. బండి మాత్రం నడపనివ్వొద్దన్నారు. మూత తెరిచి పెట్టిన పెట్రోలు పక్కనే దర్వాన్ బీడీ కాలుస్తాడు, అది ఇంకో భయం. తాళం ఉన్న మూత పెడదామంటే పిన్ని ఒప్పుకోలేదు.

"మూత రాకపోతే ఏ ఇనప ముక్కో పెట్టి పెకిలిస్తాడు. నిప్పు రేగితే? పెట్రోలు తీసీ నాయనా. బ్యాటరీ కూడా పట్టుకుపో."

నాకూ అదే సరైనదనిపించింది. ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ విప్పి తెచ్చాను.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోను చేసింది. వెళ్లేసరికి బాబాయి కారు పక్కన నేల మీద కూలబడి ఉన్నాడు. పొడి బద్దను వేళ్లతో తడుముతున్నాడు.

"స్టాకు లేదు" అన్నాడు. "మొత్తం పోనాది. నానే అమ్ముకున్నానంటారు. ఇన్నేళ్లలో నా సేతిమీద సుక్క తేడా రాలేదురా. ఇప్పుడు దొంగోడంటారు."

పిన్ని ఎంత చెప్పినా వినడం లేదు. ఆ భయం నిజమైనది. అది చూస్తూ ఉండలేకపోయాను. ముందుగా అనుకున్నది కాదు గానీ, ఆయన ముందు నిటారుగా నిలబడ్డాను.

"సార్, స్టాకు ఎక్కడికీ పోలేదు. షాలిమార్ యార్డుకి పంపించేశారు. మీకు చెప్పడం మరిచారు. మీ డ్యూటీ అయిపోయింది, ఛార్జి నాకివ్వండి."

నా మొహంలోకి చూశాడు. "నిజమేనా?" అన్నాడు.

"నిజమే సార్."

లేచి, జేబురుమాలుతో బద్దను పైనుంచి కిందికి తుడిచి నా చేతికిచ్చాడు. "జాగర్తరా. సేతులు కడుక్కోకుండా బీడీ ముట్టించకు" అన్నాడు. మెట్లెక్కుతుంటే ఆయన భుజాలు తేలికపడ్డట్టు కనిపించాయి. పిన్ని నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. ఒక మంచి పని చేశాననుకుంటూ గ్యారేజికి వెళ్లాను.

కొన్ని వారాల తర్వాత పిన్ని ఒంటరిగా వచ్చింది.

"ఇప్పుడు కిందికి దిగడంలేదు. చొక్కా తొడగమంటే, డ్యూటీ అయిపోనాది గదా అంటాడు. పొద్దల్లా మంచం మీదే. అన్నం కూడా నేను కలిపి పెట్టాల" అంది. "ఆ బద్ద దించీ పొద్దుటిపూట ఒక్కటే, తనకి తను తెలిసీవోడు" అంది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. మంచం పక్కన కూర్చుని, "సార్, లారీ వచ్చింది, నాకు కొలవడం రావట్లేదు, ఒకసారి కిందికి వస్తారా?" అని అడిగాను. బద్ద ఆయన చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరిదిది?" అన్నాడు. ఆ తర్వాత మర్యాదగా నాకు తిరిగి ఇచ్చేశాడు.

చలికాలంలో పిన్ని కారు అమ్మేసింది. కొన్నవాళ్లు నా దగ్గరే అంతా చూపించుకున్నారు. లైటు వెలగలేదు. వంక పెట్టడానికేం లేని బండి. బాబాయి ఇప్పటికీ ఉన్నాడు. ఎవరు వెళ్లినా నవ్వుతాడు. ఎవరినీ పేరు పెట్టి పిలవడు.

పెట్రోలు తీయడం తప్పని నేను అనుకోను. మళ్లీ అలాంటి బండి వస్తే మళ్లీ తీస్తాను. మనిషి కాలిపోకూడదు, ఎవరి మీదికీ బండి ఎక్కించకూడదు. కానీ ఆ రోజు మేమంతా కారు గురించే ఆలోచించాం. ఇప్పుడు ఎవరైనా వచ్చి, "మా నాన్న ఇక బండి నడపకూడదు, తాళాలు దాచేయమంటారా?" అని అడిగితే, దాచమనే చెబుతాను. చెప్పి, కూర్చోబెట్టి టీ తెప్పించి, ఇంకో మాట అడుగుతాను. రేపు పొద్దున్న లేచాక ఆయన ఏం చేస్తారు?

చాలామంది దగ్గర దానికి జవాబుండదు. అయినా అడుగుతాను.