జంగయ్య చేతిలో ఆగిన బండి

వ్యాను కంప్యూటర్‌ను జంగయ్యే కాల్చాడని యాదన్న చెప్పాడు. అది అబద్ధం. దాన్ని చెప్పడానికి బీడీ కాలినంత సేపు కూడా పట్టలేదు.

అప్పటికి పటాన్‌చెరు రోడ్డు మీద జంగయ్య మెకానిక్ షెడ్డుకు ఇరవై రెండేళ్లు. నాలుగు రేకులు, నూనె ఇంకి నల్లబడిన నేల, అంతే. లారీల కింద పడుకుని పని నేర్చినవాడు. బొల్లారం కంపెనీలకు మనుషుల్ని మోసే బండి ఏ పొద్దున ఆగినా డ్రైవర్లు అతని ఇంటికే పోయి లేపేవాళ్లు. షిఫ్టు తప్పితే కూలీకి ఆ పూట పని పోతుంది, డ్రైవరుకు కాంట్రాక్టే పోతుంది. జంగయ్య చెయ్యి పడితే రెండూ నిలిచేవి. అతనికి చదువు లేదు, పొలం లేదు. ఆ చేతుల మీద నలుగురికీ ఉన్న నమ్మకమే అతని ఆస్తి.

యాదన్న నడిపే వ్యాను పెంటయ్య పటేల్‌ది. హత్నూర నుంచి బొల్లారానికి షిఫ్టు మనుషుల్ని తెచ్చేది. పాతదే కాని కంప్యూటర్‌తో నడిచే రకం. ఇంజనుకు పెట్రోలు ఎంత పోవాలో, నిప్పు ఎప్పుడు పడాలో చెప్పే అరచేతంత డబ్బా డ్రైవరు సీటు కింద ఉండేది. 2003 దసరాకు యాదన్న బండిని ఎప్పటిలాగే కడిగాడు. బయట కడిగి ఊరుకోలేదు. లోపలంతా పసుపునీళ్లు చల్లి, బోరు పైపు పెట్టి సీట్ల కింద కూడా నీళ్లు కొట్టాడు. ఎడ్లను కడిగినట్టు బండిని కడగడం అక్కడ అందరికీ అలవాటే. కంప్యూటర్లు లేని బండ్లు దాన్ని భరించాయి.

మూడో రోజుకు వ్యాను ఎగిరెగిరి పడుతూ జంగయ్య షెడ్డుకు చేరింది. జంగయ్య తనకు తెలిసిన పరీక్ష చేశాడు. ప్లగ్గు వైరు పీకి, ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుని, సెల్ఫు కొట్టమన్నాడు. నీలంగా ఒక్క నిప్పురవ్వ దూకింది. ఆ తర్వాత ఏమీ లేదు. జంగయ్య ఆ వైరు పట్టుకుని మళ్లీ మళ్లీ సెల్ఫు కొట్టించాడు. ఇది తనతో అయ్యే పని కాదని, షోరూం వాళ్ల వర్క్‌షాపుకు తీసుకుపొమ్మని, తనే తాడు కట్టి పంపాడు.

అక్కడ సూపర్‌వైజర్ వెంకటేశ్వరరావు డబ్బా విప్పి యాదన్నకు చూపించాడు. లోపల చిలుము, మూలన పసుపు మరక. లోపలికి నీళ్లు పోయాయి, కొత్తది వేయాల్సిందే అన్నాడు. వైరు పీకి నిప్పు చూడడం కూడా ఈ బండ్లకు మంచిది కాదని, దీన్ని చంపింది మాత్రం నీళ్లేనని విడమరిచి చెప్పాడు. అందులో సగమే యాదన్నకు పనికొచ్చింది. నీళ్లు కొట్టింది తనేనని తెలిస్తే, రేపటి నుంచి వ్యాను ఇంకొకడు నడుపుతాడు.

"జంగయ్య వైరు వీకి నిప్పు కొట్టిండు పటేలా. గా దెబ్బకే కాలిపోయింది" అన్నాడు పెంటయ్యతో.

పెంటయ్య షెడ్డుకు వచ్చేసరికి నలుగురు డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. వాళ్ల ముందే పానాల పెట్టెను రోడ్డు మీదికి తన్నాడు.

"ఎడ్లబండి ఇరుసుకు ఆముదం రాసుకుంట బతుకు పో. కంప్యూటర్ల నీ చెయ్యేంది?"

జంగయ్య నోరెత్తలేదు. అదే అతని కొంప ముంచింది. తప్పు లేనివాడు ఊరుకుంటాడా అనుకున్నారు డ్రైవర్లు. ఆ నిప్పురవ్వ తన చేతిలోనే దూకి ఆరిపోవడం కళ్లతో చూశాడు కాబట్టి అతను ఊరుకున్నాడు.

ఆ తర్వాత పాత సామాన్ల దుకాణం నుంచి చచ్చిన కంప్యూటర్ ఒకటి తెచ్చి, విప్పి, ముందు పెట్టుకుని కూర్చునేవాడని అతని భార్య మొగులమ్మ ఎవరితోనో అంటుంటే యాదన్న విన్నాడు. అందులో తిరిగేది లేదు, బిగించేది లేదు, నూనె పెట్టేది లేదు. నేర్పమని ఒక వర్క్‌షాపుకు పోతే గేటు దగ్గరే పదో తరగతి సర్టిఫికెట్ అడిగారు. ఇరవై రెండేళ్లు లారీల కింద పడుకున్నందుకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. డ్రైవర్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. షెడ్డు మూతపడింది. జంగయ్య బొల్లారంలో ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు కడగడానికి కుదిరాడు. ఆ పనికి పోవాలంటే ఎక్కాల్సింది యాదన్న వ్యానే.

ఐదేళ్లు ఎక్కాడు. ఎప్పుడూ చివరి సీటే. అద్దంలో అతని ముఖం కనబడకుండా యాదన్న అద్దాన్ని పక్కకు తిప్పుకున్నాడు.

2009 వానాకాలంలో ఒక పొద్దున వ్యాను దారిలో ఆగిపోయింది. షిఫ్టు టైమవుతోంది. అందరూ జంగయ్య వైపు చూశారు. అతను కదలలేదు. యాదన్న వెనక్కి పోయి బతిమాలాడు.

"నా చెయ్యి వెడితే ఉన్నది గూడ వోతది తమ్మీ. నీకెరికే గద."

అందులో ఎత్తిపొడుపు ఉంటే యాదన్న తట్టుకునేవాడే. లేదు. జంగయ్య ఆ మాట నిజంగానే నమ్మి అంటున్నాడు.

యాదన్న అతన్ని రోడ్డు పక్కకు తీసుకుపోయి అంతా చెప్పేశాడు. పైపు సంగతి, పసుపు మరక, వెంకటేశ్వరరావు మాట. పెంటయ్యకు చెప్తానన్నాడు, డ్రైవర్ల అడ్డా మీద అందరి ముందూ ఒప్పుకుంటానన్నాడు. కొడతాడేమో అని చూశాడు. కొడితే బాగుండుననిపించింది కూడా.

జంగయ్య అటుగా వస్తున్న ఇంకో కంపెనీ బస్సుకు చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్లీ ఎన్నడూ ఆ వ్యాను ఎక్కలేదు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి అన్నాడు:

"ఐదేండ్లు ఈ చేతుల్నే తిట్టుకున్న. అన్నం కలుపుకుంట గూడ తిట్టుకున్న. తప్పు నాదే అనుకుంటెనే ఆ డ్రమ్ములు కడగబుద్ధయింది తమ్మీ. రేపటి సంది ఏమనుకుంట కడగాలె?"