ఉసుళ్ళు మానేసిన మామ్మ

మొన్న మధ్యాహ్నం మా మనవడు నన్ను టీవీ ముందు కూర్చోబెట్టాడు. తెల్లకోటు వేసుకున్న ఓ కుర్రాడు పళ్ళెంలో వేయించిన పురుగులు పెట్టుకుని, వీటిలో మాంసకృత్తులున్నాయి, మంచి కొవ్వుంది, ఇనుముంది, రేపటి లోకానికి తిండి ఇదేనని ఊదరగొడుతున్నాడు. మా కోడలు ముక్కు మూసుకుని, "ఛీ, ఎవరు తింటారత్తయ్యా!" అంది. నేను తిన్నాను తల్లీ అందామనుకున్నాను గానీ, అంటే మొదటి నుంచీ చెప్పాలి. ఈ వయసులో పాత మాట ఎత్తడమంటే కొండెక్కినంత ఆయాసం. ఊరుకున్నాను. రాయడమైతే మధ్యలో ఓ కునుకు తీసినా ఎవరూ ఏమీ అనరు.

మాది గిరిసోల స్టేషనుకి కాస్త లోపలగా ఉన్న పల్లె. ఒరిస్సా కొత్త రాష్ట్రమైనప్పుడు మేము సరిహద్దు గీతకి ఇవతల, ఒరిస్సాలో పడ్డాము. మా సంత, మా చుట్టాలు అంతా ఇచ్ఛాపురంలో. అది అవతల పడింది. మొదట్లో ఎవరికీ ఏ తేడా తెలియలేదు. యుద్ధం ముదిరి, బియ్యం గీత దాటకూడదని కాపలా పెట్టాక తెలిసొచ్చింది. "గీత గీసినోడు మన కుండలోకి తొంగి సూసేడేటి?" అని మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, వీధిలో నిలబడి తిట్టేది. మిగతా తిట్లు రాయడానికి పనికిరావు. గంజి, ఆ గంజిలో వెతుక్కుంటే మెతుకు, తోటకూర కాడలు. అంతే మా తిండి.

తొలకరి పడితే మాత్రం ఉసుళ్ళు లేచేవి. చెదపుట్టల్లోంచి రెక్కలతో లేచే ఆ పురుగుల్ని పట్టడంలో మామ్మని మించినవాళ్ళు లేరు. పొద్దుగూకే వేళకి పుట్ట పక్కన గొయ్యి తీసి, నీళ్ళకుండ పాతి, దానికి ఆనుకుని దీపం పెట్టేది. వెలుగుకి ఎగిరొచ్చి నీళ్ళలో పడేవి. వాటిని ఆరబెట్టి, రెక్కలు రాల్చి, చేటలో చెరిగి, మట్టి పెంకులో వేపితే చుక్క నూనె అక్కర్లేదు. వాటి కొవ్వే వాటికి చాలు. ఉప్పూ ఎండుమిరపకాయా నూరి జల్లితే ఆ కమ్మటి వాసనకి పక్కవీధి పిల్లలు కూడా మా గుమ్మంలో తేలేవారు. "నెయ్యి లేనోడికి దేవుడిచ్చిన నెయ్యి" అనేది మామ్మ. ఆవిడకి వాటి మీద ఎంత పిచ్చంటే, పొయ్యి దగ్గర పిల్లలతో సమానంగా దెబ్బలాడి మా వాటాలో కూడా చెయ్యి పెట్టేది. పెద్దముండాదాన్నన్న సిగ్గే ఉండేది కాదు.

అమ్మ వాటి జోలికి వచ్చేది కాదు. నా తరవాత పుట్టినవాళ్ళు ఉయ్యాల దిగకుండానే పోయారు. బిడ్డలు నిలవకపోతే తల్లి పోయి, గొసాయి అనే వైష్ణవ గురువు చేత మెడలో తులసి పూసల కంఠి కట్టించుకోవడం మా వైపు మొక్కు. కట్టించుకున్నాక ఇక నీచు ముట్టకూడదు. అమ్మ బరంపురం దాకా నడిచివెళ్ళి, గోసాని నువాగాంలో ఉండే గొసాయి చేత కట్టించుకొచ్చింది. తమ్ముడు పుట్టాడు. పుట్టి పుట్టి ఆ కరువులోనే పుట్టాడు. అమ్మ ఎముకల గూడైపోయింది, పాలు పడలేదు. వాడు ఏడవడం కూడా మానేసి పిల్లికూనలా మూలిగేవాడు. నాన్న రైలు పట్టాల పనికిపోయి ఎక్కడో ఉన్నాడు. ఊళ్ళో ఆవులు కూడా మాలాగే ఎండిపోయాయి.

తొలకరి పడిన మర్నాడు మామ్మ ఆకుదొప్ప నిండా వేపిన ఉసుళ్ళు తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

"తిను పిల్లా. నీ ఒంట్లో సత్తువుంటేనే కదా ఆడికి పాలు."

"కంఠి ఉందత్తా," అంది అమ్మ. "మొక్కు తప్పితే గుంటడు దక్కడు."

"తినకపోతే దక్కుతాడేటి?"

అమ్మ గోడవైపు తిరిగిపోయింది. తింటే దేవుడు తీసుకుపోతాడు, తినకపోతే ఆకలి తీసుకుపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మామ్మ తిడితే నాకు భయం ఉండేది కాదు, తిట్టకపోయేసరికి భయమేసింది. కాసేపటికి లేచి, నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, తడిచీరతోనే వచ్చి అమ్మ మెడలో కంఠి విప్పబోయింది. అమ్మ చెయ్యి అడ్డం పెడితే ఆ చేతిమీద ఒక్కటేసింది. విప్పిన కంఠిని పెరట్లో తులసిమొక్కకి ఆనించి తన మెడలో కట్టుకుంది.

"సూడు తల్లీ," అంది మొక్కతో, ఎదురింటావిడతో మాట్లాడినట్టు. "ఇకనించి మొక్కు నాది. దాని నోరు దానికొదిలీ. గుంటణ్ణి నాకొదిలీ." అని, అమ్మవైపు తిరిగి, "ఇంకేటి సూస్తావు? సల్లారితే బాగోవు, తిను," అంది.

అమ్మ ఏడుస్తూనే దొప్ప ఖాళీ చేసింది. మామ్మ అటు చూడకుండా చీర పిండుకుంటూ కూర్చుంది.

నాలుగు వానలు పడేసరికి పాలు పడ్డాయి. ఉసుళ్ళ కొవ్వు వల్లనో, అమ్మ గుండెమీద బరువు దిగడం వల్లనో నేను చెప్పలేను. మామ్మనడిగితే తులసితల్లి దయ అనేది. తమ్ముడు నిలిచాడు.

ఆ తరవాత ప్రతి తొలకరికీ మామ్మే ఉసుళ్ళు పట్టేది, చెరిగేది, వేపేది. ఉప్పు చూడమని నా నోట్లో పెట్టి, నేను నమిలేదాకా నా దవడలే చూస్తూ కూర్చునేది. తమ్ముడికి మీసాలొచ్చాక అమ్మ ఓసారి, "ఇంక కంఠి తీసీ అత్తా, ఆడు బతికేడు కదా," అని బతిమాలింది. "ఆడింకా బతుకుతున్నాడు కదే," అంది మామ్మ. పోయేనాటికి కూడా కంఠి ఆవిడ మెడలోనే ఉంది.

ఆవిడ పోయిన వయసు నేనూ తమ్ముడూ ఎప్పుడో దాటేశాము. మా మామ్మకంటే మేము ముసలివాళ్ళమైపోయాము. ఉసుళ్ళ మీద ఆవిడ ఆకలి మాత్రం తీరకుండా ఆ వయసులోనే నిలిచిపోయి ఉంది.