వదిన తీసేసిన ఎలుగుబంటి

మా అన్నయ్య కూతురికి తుప్పు అని పేరు పెట్టింది నేనే. కళ్ళజోళ్ళ కొట్లో పని చేస్తుంది. పొద్దస్తమానం ఫ్రేములకి కంటికానని మరలు బిగించి, ఇంటికొచ్చాక మళ్ళీ అదే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటుంది. ఎందుకంటారా? పాత జపాన్ బొమ్మల కోసం! కీ ఇస్తే నడిచే రేకు రోబో, డప్పు కొట్టే ఎలుగుబంటి, తల ఊపే బాతు, అన్నీ వాళ్ళమ్మ పుట్టకముందు చేసినవేనట. దాని వయసు పిల్లలు చెవులకి వేలాడేవి కొనుక్కుంటారు, ఇది తుప్పు కొనుక్కుంటుంది.

మా వదినకి అవంటే ఒళ్ళు మంట. "ఆ రేకు ముక్కలకి ఇల్లు రాసిచ్చెయ్యి" అని రోజూ సణుగుడే. పైగా ఎలుగుబంటి చెయ్యి తను ఉంచినట్టు ఉండట్లేదని తుప్పు నా మీద పడేది. "అత్తా, ముట్టుకున్నావా? స్ప్రింగు పాతది, సగమే తిప్పాలి. నిండా తిప్పితే పట్టేస్తుంది!" దర్జీ కొట్లో మిషన్ తొక్కుకోవడానికే నాకు తీరిక లేదు, ఎలుగుబంటితో ఆడుకుంటానా? ఒట్టేసి చెప్పినా నమ్మదే!

మొన్న ఇంటికి రంగులు వేయించాం. తుప్పు కొట్లోంచి వాళ్ళమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, అలమర మీద నా బొమ్మల పెట్టె తీసెయ్యి, రంగు పడుతుంది" అంది. సాయంత్రం వచ్చి చూస్తే అలమర బోసిగా ఉంది.

"అమ్మా, పెట్టె ఏది?"

"తీసేశాగా!" స్నానాల గదిలోంచి వదిన అరిచింది.

"తీసేశావా?"

"నువ్వేగా తీసెయ్యమన్నావు!"

పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. మా వదిన నోట తీసెయ్యడమంటే ఒక్కటే అర్థం మరి. నా కత్తెర తీసేసింది, అన్నయ్య బూట్లు తీసేసింది, అన్నీ పాత సామాన్ల బండిలోనే తేలాయి. ఆ మధ్యాహ్నం కూడా బండి వచ్చిందని రంగులేసేవాళ్ళు చెప్పారు. తుప్పు నేల మీద కూలబడి ఏడ్చేసింది. ఎన్నేళ్ళుగా ఏరుకొచ్చి బాగుచేసుకున్న బొమ్మలు! చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఇద్దరం పరిగెత్తాం.

బండాయన కొట్టు కట్టేస్తున్నాడు. "ఆ పెట్టా? కొంటానని చెయ్యి వేశాను తల్లీ, అమ్మగారు నా మీద విరుచుకుపడ్డారు. పాత కాగితాలే ఇచ్చారు" అన్నాడు.

హమ్మయ్య! నాకు ప్రాణం లేచొచ్చింది. తుప్పు మాత్రం కళ్ళతో చూస్తేగానీ నమ్మనంది.

ఇంటికొచ్చేసరికి వదిన తల తుడుచుకుంటూ గుమ్మంలో ఉంది. "చెప్పాపెట్టకుండా ఎక్కడికి పోయారు? తీసేశానన్నాను గానీ, పారేశానన్నానా?" అని తన బీరువా తెరిచింది. అడుగున తన ఉన్ని శాలువాలో పొందిగ్గా చుట్టి ఉన్నాయి బొమ్మలన్నీ. ఎలుగుబంటిని బల్ల మీద పెట్టి కీ పట్టుకుంది.

"అమ్మా, వద్దు!" అని తుప్పు చెయ్యి చాపేలోగా, వదిన సగం తిప్పి ఆపేసింది.

"తెలుసులేవే. నిండా తిప్పితే వీడు పట్టేస్తాడు."

ఎలుగుబంటి టకటకా డప్పు కొట్టింది. తుప్పు నా వంక చూసింది. నేను వదిన వంక చూశాను.

"అమ్మ దొంగా! ఇన్నాళ్ళూ మాటలు పడింది నేనా?"

వదిన మొహం కందగడ్డయింది. "మీరంతా పనులకి పోతే ఇంట్లో నాకేం తోస్తుంది? కాసేపు వాడి డప్పు వింటాను."

తుప్పు వాళ్ళమ్మని వాటేసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలియాలి. "ఆ బాతుని ఎంత తిప్పాలో రేపు నేర్పిస్తానే అమ్మా."

"దానిది నాకెప్పుడో వచ్చు" అంది వదిన.