రియాక్టర్ క్రిటికల్ అయిన రోజు

మేం చిన్నగున్నప్పుడు... బల్కంపేటల ఓ ఐతారం పొద్దున. అమ్మ, చిన్నమ్మ చాటలు ముందటేసుకొని బియ్యంల రాళ్లు ఏరుతున్నరు. టీవీల వార్తలొస్తున్నయి.

మా చిన్నాయన వెల్డర్. సనత్‌నగర్‌ల పని ఇడిసిపెట్టి, ఎక్కడో సముద్రం ఒడ్డున కడుతున్న అణు కరెంటు కేంద్రంల పనికి పోయిండు. ఆ కేంద్రం పేరే టీవీల వచ్చింది. "రియాక్టర్ క్రిటికల్ దశకు చేరుకుంది" అని చదివింది వార్తలామె.

చిన్నమ్మ చేతుల చాట జారిపడ్డది...

అంతకుముందే పంజగుట్ట దవాఖానల మా తాతను చూసి డాక్టర్ "క్రిటికల్" అన్నడు. తెల్లారేసరికి తాత లేడు. మా ఇంట్ల ఆ మాటకు ఇంకో అర్థం లేదు.

నేనప్పుడు పదో తరగతి. ఆ పాఠం నాకు నోటికొచ్చు. న్యూట్రాన్ పోయి యురేనియం కేంద్రకానికి తగిలితే అది పగుల్తది. అండ్లకెళ్లి ఇంకిన్ని న్యూట్రాన్లొచ్చి ఇంకోదాన్ని పగలగొడ్తయి... గొలుసు చర్య. ఆ గొలుసు తెగిపోకుండ, అదుపు తప్పకుండ తనంతట తాను నడుస్తే అదే క్రిటికల్. పొయ్యి సక్కగ అంటుకున్నట్టు.

"ఏం కాలే చిన్నమ్మా, రియాక్టర్ మంచిగ షురూ అయ్యింది" అన్న.

ఎవ్వరు ఇనలే. పక్క పోర్షన్ గుంటూరు ఆంటీ వచ్చి, "నీకేం తెలుసమ్మా, చిన్నపిల్లవి... టీవీలో చెప్తున్నారు కదా" అన్నది.

పుస్తకం తెచ్చి చూపెట్టిన. మాది తెలుగు మీడియం. అండ్ల ఆ మాటకు 'సందిగ్ధ' అని ఉంది. సందిగ్ధం అంటే అనుమానమే గదా అని బాపు ఇంకింత బుగులు పడ్డడు. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. ఇంగ్లీషుల చావు, తెలుగుల అనుమానం... మరి మంచి సంగతి ఏ భాషల చెప్పాలె?

ఆంటీ వాళ్ల ఫోన్‌కు ఎస్టీడీ లేకుండె, బాపు అమీర్‌పేట ఎస్టీడీ బూత్‌కు ఉరికిండు. లైన్ కలవలే. చిన్నమ్మ బుక్కెడు బువ్వ తినలే, రైలుకు పోత అని బట్టలు సదురుకున్నది.

సాయంత్రం ఆంటీ వాళ్ల ఫోన్‌కు చిన్నాయనే చేసిండు. రియాక్టర్ షురూ అయ్యిందట, అందరికి మిఠాయిలు పంచిండ్రట. చిన్నమ్మ ఏడ్చుకుంట నవ్వుకుంట ఆయన్ను మస్తు తిట్టింది. ఇగ బాపు వాకిట్ల నిలవడి వచ్చినోళ్లకల్ల చెప్పుడే... క్రిటికల్ అంటే మంచిదట, మా తమ్ముడు చెప్పిండని.

"పొద్దుగాల నేను చెప్పిన గదా బాపూ" అన్న.

"అవునా బిడ్డా? ఎప్పుడు?" అన్నడు.

నిజంగనే యాదికి లేదు ఆయనకు...

ఇప్పుడు అమీర్‌పేటల సందుకో కోచింగ్ సెంటర్. ఏ మాటకైనా అర్థం జేబుల ఫోన్‌లనే దొరుకుతది. అయినా మొన్న మా ఫ్యామిలీ గ్రూప్‌ల రేడియేషన్ అని ఓ భయం మెసేజ్ వస్తే, ఎండ సుత రేడియేషనే, అన్ని ఒక్కతీరుగ ఉండవు అని గంటసేపు కూసొని రాసిన. ఒకామె దండం బొమ్మ పెట్టింది. ఆ కిందనే ఇంకొకాయన అదే మెసేజ్ మళ్ల పంపిండు.

అప్పుడు కనీసం ఇల్లంత ఒక్కతాన కూసొని భయపడేది... ఇప్పుడు ఎవరి ఫోన్‌ల వాళ్లే.

ఒక్క మాట అర్థంగాక మీ ఇల్లు సుత ఎన్నడన్న ఇట్ల ఆగమైందా? జర చెప్పుండ్రి... ఎంత పొడుగు రాసినా సరే, నేనైతే ఆఖరి దాంక చదువుత.